పదమూడో ఎక్కం

మొన్నటి వేసవి సెలవులలో మా అబ్బాయి పిల్లలిద్దరూ హైదరాబాదు నుండి వచ్చి నెలరోజులు మా వద్ద ఉండి వెళ్ళారు. మనవరాలికి ఎనిమిదేళ్ళు. మనవడికి అయిదు ఇంకా నిండలేదు. 2019లో ఉద్యోగ విరమణ చేసింది మొదలు ఇంటిపట్టున ఉంటున్నవాడిని కనుక, వాళ్ళను చూస్తూ కూర్చోవడం కంటే నాకు వేరే పని లేకపోయింది. ముప్పై ఏడేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పాను గాని, పిల్లలను తీరికగా చూడడం నాకు అదే మొదలని చెప్పుకోవాలి. బడిలో పంతులుకు తరగతి కనబడుతుంది, పిల్లలు కనబడరు.

ఒకనాటి మధ్యాహ్నం పక్కింటివారు జంతికలు వండుకుని మా వాడి చేతిలో ఒకటి పెట్టారు. మనవరాలు అప్పుడు లోపల నిద్రపోతోంది. వాడు వీధి అరుగు మీద కూర్చుని సగం తిన్నాడు. తక్కిన సగాన్ని కొంతసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తినాలనే ఉన్నట్లుంది, ఒకసారి నాలుక తగిలించి తీశాడు కూడాను. చివరికి దానిని నిక్కరు జేబులో వేసుకుని ఆటకు పోయాడు. సాయంత్రం ఆ పిల్ల లేచి వచ్చి అరుగు మీద కూర్చున్నప్పుడు తీసి ఇచ్చాడు. అప్పటికి అది ఏ స్థితిలో ఉండి ఉంటుందో పిల్లల జేబులు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఇసుకా, నూలుపోగులూ, ఒక రబ్బరు ముక్కా దానితో పాటే బయటికి వచ్చాయి.

మనవరాలు శుభ్రత విషయంలో మహా పట్టింపు గల పిల్ల. మంచినీళ్ళ గ్లాసును రెండు సార్లు తొలిపించి గాని తాగదు. ఆ ముక్క వంక ఒక్క క్షణం చూసింది. ఉఫ్ అని ఊదింది. నోట్లో వేసుకుని నమిలి, "బాగుందిరా" అంది. వాడు సరేనన్నట్లు తల ఊపి మళ్ళీ ఆటలోకి పోయాడు. అంతే జరిగింది. పావుగంట తరువాత ఇద్దరూ ఉయ్యాల దగ్గర జుట్లు పట్టుకుని కొట్టుకున్నారు, అది వేరే సంగతి.

దాచి పెట్టినవాడిది గొప్పా, తిన్నదానిది గొప్పా అని నన్నడిగితే, నేను తిన్న పిల్లకే నాలుగు మార్కులు ఎక్కువ వేస్తాను. ఇచ్చేవాడికి ఇచ్చానన్న తృప్తి ఉంటుంది. పుచ్చుకున్నదానికి పళ్ళ కింద ఇసుక తప్ప ఏమీ మిగలలేదు.

ఇదంతా నేను కిటికీ చాటు నుండి చూశాను. చూసి ఊరుకున్నాను. "మా బంగారు తల్లి" అనలేదు, "అక్కకు దాచావా నాన్నా" అని వాడిని ఎత్తుకోలేదు, రాత్రి భోజనాల దగ్గర కథగా చెప్పలేదు. ఇలా ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది. ఇందుకు మీలో కొందరు నన్ను మూర్ఖుడని అనవచ్చు. పిల్లలు మంచి పని చేసినప్పుడు మెచ్చుకోకపోతే ఎట్లా అని మా అబ్బాయే నాతో వాదించాడు. నా వాదం కూడా వినండి.

హైదరాబాదులో వాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక పట్టిక అంటించి ఉంటుంది. అక్క తమ్ముడికి గాని, తమ్ముడు అక్కకు గాని సాయం చేస్తే ఒక నక్షత్రం. పది నక్షత్రాలు పోగైతే ఐస్‌క్రీము. మా కోడలు సదుద్దేశంతో పెట్టిన ఏర్పాటే అది. మామగారి నోరు కోడలి ఫ్రిజ్ దాకా వెళ్ళకూడదని నాకొక నియమం ఉంది గనుక నేనేమీ అనలేదు. కాని కిందటి సంక్రాంతికి ముందు వాళ్ళింట వారం రోజులున్నప్పుడు ఆ పట్టిక నడిచే తీరు చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. పిల్లవాడు పెన్సిళ్ళ డబ్బాను కావాలనే కింద పడదోస్తాడు. అక్క ఏరిపెడుతుంది. ఆమెకొక నక్షత్రం. తరువాత ఆమె తన చెప్పును తనే సోఫా కిందికి తోస్తుంది. వాడు పాకుతూ పోయి వెదికి తెస్తాడు. వాడికొక నక్షత్రం. తల్లిని ఏమార్చడంలో వాళ్ళిద్దరూ చూపిన సహకారం మాత్రం అచ్చమైన తోబుట్టువుల ప్రేమ. దానికి నక్షత్రం వేసేవారే లేరు!

ఈ వ్యవహారం మా అబ్బాయితో చెబితే, వాడే ఒక పరిశోధన గురించి చెప్పాడు. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే శాస్త్రజ్ఞులు 2008లో ప్రచురించినది. ఇరవై నెలల పసివాళ్ళ ఎదుట పెద్దవాళ్ళు ఏదో ఒక వస్తువు జారవిడిచి, అందుకోలేనట్లు నటిస్తారు. పిల్లలు తీసి ఇస్తారు. ఇచ్చినప్పుడల్లా కొందరికి ఒక ఆటవస్తువు బహుమానం, కొందరికి మెచ్చుకోలు మాట, కొందరికి ఏమీ లేదు. తరువాత బహుమానాలు మానేసి చూస్తే, అంతకు ముందు వస్తువు పుచ్చుకున్న పిల్లలు తక్కినవారి కంటే తక్కువగా సాయపడ్డారట. న్యాయం చెప్పాలి గనుక చెబుతున్నాను, మెచ్చుకోలు మాట వల్ల సాయం తగ్గినట్లు ఆ ప్రయోగంలో తేలలేదు. ఐస్‌క్రీము మీద అభియోగానికి వాళ్ళు సాక్షులు. మెచ్చుకోలు మీద నా అభియోగానికి సాక్షిని నేనే, ముద్దాయినీ నేనే.

అది 2009-10 విద్యా సంవత్సరం. నేనప్పుడు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజున ఆరో తరగతి పిల్ల ఒకతె రఫ్ నోటు పుస్తకంలో కాగితం చింపడం చూసి, పుస్తకాలు పాడు చేస్తున్నావేమని కోప్పడ్డాను. ఆ పిల్ల ఏమీ చెప్పలేదు. పక్కనున్న పిల్ల చెప్పింది. "గుడ్డు చుట్టుకుని తమ్ముడికి పట్టుకెళుతుందండి, మూడేళ్ళవాడు, సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఉంటాడండి" అని.

తెలుగు పంతులుకు ఇంతకంటే ఏం కావాలి? నా గుండె నిండిపోయింది. మరునాడు ఉదయం ప్రార్థన సమయంలో ఆ పిల్లను పిలిచి అరుగు మీద నిలబెట్టి, పది నిమిషాల పాటు సోదర ప్రేమను గురించి ధారాళంగా మాట్లాడాను. రాముణ్ణి తెచ్చాను, భరతుణ్ణి తెచ్చాను, పాదుకలు తెచ్చాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల పైట లేని తన గౌను అంచును వేళ్ళతో మెలిపెడుతూ నేల చూపులు చూస్తూ నిలబడింది. అది సిగ్గు వినయం కాబోలుననుకుని దాన్ని కూడా మెచ్చుకున్నాను.

మళ్ళీ గుడ్డు పెట్టే రోజున ఆ పిల్ల గుడ్డును అక్కడే ఒలుచుకుని తినేసింది. మగపిల్లలు అప్పటికే ఆమెకు "గుడ్డమ్మ" అని పేరు పెట్టారని తరువాత తెలిసింది. పైగా బడిలో పెట్టింది బడిలోనే తినాలన్న నిబంధన ఒకటి ఉండనే ఉంది. నా ఉపన్యాసం విన్నాక వంటవాళ్ళూ, తోటి ఉపాధ్యాయులూ ఆ పిల్ల పళ్ళెం మీద ఒక కన్ను వేసి ఉంచారు. "తమ్ముడికి పట్టుకెళ్ళవా అమ్మా?" అని అడిగాను. "వద్దండి" అంది. ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చున్న మూడేళ్ళవాణ్ణి నేను కంటితో చూడలేదు. చూడనివాడే నాకు ఎక్కువగా గుర్తుకు వస్తుంటాడు.

నేనారోజు రామాయణం ఎత్తుకోవడంలో కూడా పొరపాటు చేశాను. పాదుకా పట్టాభిషేకం రాజ్యాల సంగతి, పెద్దవాళ్ళ సంగతి. పన్నెండేళ్ళ పిల్ల చేతిలోని గుడ్డుకు ఆ కొలత సరిపోదు. నిజానికి వాల్మీకి పిల్లల కొలతకు తగిన మాట బాలకాండలోనే చెప్పి ఉంచాడు. నలుగురు పిల్లలూ పెరుగుతున్న రోజులను గురించి ఆయన చెప్పింది బహు కొద్ది. ఆ కొద్దిలోనే, లక్ష్మణుడు పక్కన లేకపోతే రామునికి నిద్ర పట్టేది కాదనీ, రుచియైన భోజనం తెచ్చి ముందు పెట్టినా అతడు లేకుండా తినేవాడు కాదనీ చెప్పాడు. పక్క, పళ్ళెం. చిన్నపిల్లల లోకంలో ఇంతకు మించిన రాజ్యాలు లేవు. ఎన్ని హరికథలు విన్నామో, ఎన్ని పురాణ కాలక్షేపాలకు కూర్చున్నామో గాని, ఈ పళ్ళెం దగ్గర ఆగిన పౌరాణికుణ్ణి నేను చూడలేదు.

తులసీదాసు రామచరితమానసంలో దీనికి జోడైన మాట ఇంకొకటి ఉంది. చిత్రకూటంలో అందరి నడుమ భరతుడు తన అన్నను గురించి చెప్పుకుంటూ, చిన్ననాడు ఆటలో తాను ఓడిపోతున్నప్పుడు కూడా అన్న తననే గెలిపించేవాడని తలచుకుంటాడు. గమనించండి, ఈ మాట చెప్పింది గెలిచిన తమ్ముడు. ఓడిన అన్న ఎన్నడూ చెప్పలేదు. ఆనాడు ఆట దగ్గర కౌసల్యాదేవి నిలబడి "చూశారా, మా పెద్దవాడు తమ్ముడి కోసం ఓడిపోయాడు" అని చప్పట్లు కొట్టి ఉంటే భరతుడికి ఆ గెలుపు ఏమై ఉండేది? ఏళ్ళు గడిచాక, అడవిలో, కన్నీళ్ళ మధ్య తలచుకోవడానికి అది మిగిలి ఉండేదా?

ఈ సంగతే మా ఆవిడతో అంటే ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. "పాలు తోడు పెట్టి మాటిమాటికీ గిన్నె కదిపి చూస్తే పెరుగు అవుతుందా అండీ?" అంది. తోడబుట్టినవాళ్ళలో తోడు, పాలలో వేసే తోడు, రెండూ మనకు ఒకే మాట. ఈ చమత్కారం భాషాప్రవీణ చదివిన నాకు తట్టలేదు, రోజూ పాలు తోడుపెట్టే ఆమెకు తట్టింది.

మాటల ప్రస్తావన వచ్చింది గనుక ఇంకొక మాట. పెద్దా చిన్నా తేడా లేకుండా అన్నదమ్ములను ఒక్క ముక్కలో చెప్పే సంస్కృత పదం ఒకటి మన వాడుకలో ఉంది. ఒకే ఉదరంలో పుట్టినవాడు సోదరుడు. అక్కడ వయసు ప్రసక్తి లేదు. మనం ఇళ్ళలో వాడుకునే మాటలు మాత్రం అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు. నోరు తిరగని పసివాడికి మొదట నేర్పే నాలుగైదు మాటలలో అక్క ఒకటి. అక్క మాత్రం వాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. అంటే పిలుపుతోనే ఒకరికి పెద్దరికం కట్టబెట్టేస్తున్నాము. ఇది మంచి ఏర్పాటే, నేను కాదనను. కాని మూడేళ్ళ పిల్లకు తమ్ముడు పుట్టిన మరునిమిషం నుండి "పెద్దదానివి కదా" అనే మాట వెంటపడుతుంది. బొమ్మ ఇచ్చెయ్యి, పెద్దదానివి కదా. ఏడవకు, పెద్దదానివి కదా. మూడేళ్ళకే పెద్దదై కూర్చున్న ఆ పిల్ల, ఇక తానుగా ఇవ్వడానికి ఏం మిగిలింది? అడగకుండా ఇస్తేనే కదా దయ. అడిగి పుచ్చుకున్నది పన్ను.

మరి పెద్దవాళ్ళు చేయదగినది ఏదీ లేదా అంటే ఉంది. జూడీ డన్, కారల్ కెండ్రిక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో రెండో బిడ్డ పుట్టబోతున్న నలభై కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి కూర్చుని, పిల్లలను గమనించి 1982లో ఒక పుస్తకం వెలువరించారు. వాళ్ళు చూసినదానిలో నాకు నచ్చిన ముక్క ఇది. పురిటి రోజులలోనే పెద్ద బిడ్డతో చంటిబిడ్డను గురించి, వాడికీ ఒక మనసుంది, ఇష్టాయిష్టాలున్నాయి అన్నట్లుగా ముచ్చటించిన తల్లుల ఇళ్ళలో, ఏడాది దాటిన తరువాత చూస్తే పిల్లలు ఒకరితో ఒకరు ఎక్కువ స్నేహంగా ఉన్నారు. "చూడవే, ఎందుకేడుస్తున్నాడో, ఆకలేమో", "నీ గొంతు వినగానే ఎట్లా తల తిప్పాడో చూడు" అని మన ఇళ్ళలో అమ్మమ్మలు, నాయనమ్మలు ఎన్నడో అన్న మాటలే అవి. ఇందులో ఆజ్ఞ లేదు, బిరుదు లేదు. వాడివంక చూడమనడమే ఉంది. చూసిన తరువాత ఏం చేయాలో ఆ పిల్లకే వదిలేశారు.

ఇక్కడ నాకు ఇంకొక తగాదా ఉంది. ఈ రోజుల్లో ఇద్దరు పిల్లలుంటే అన్నీ రెండేసి కొంటున్నారు. రెండు సైకిళ్ళు, రెండు గొడుగులు, రెండు టాబ్లెట్లు. గొడవ లేకుండా ఉంటుందట. దీనికి ఎదురుగా "మా కాలంలో లేమి ఉండేది గనుక ప్రేమలుండేవి" అని నిట్టూర్చే నా ఈడువాళ్ళున్నారు. వాళ్ళతో కూడా నేను ఏకీభవించలేను. ఆకలి పిల్లలకు పంచుకోవడం కంటే ముందు లాక్కోవడం నేర్పుతుంది, నేను బళ్ళో కళ్ళారా చూశాను. కడుపు నిండిన తరువాత కజ్జికాయలు అయిదు మిగిలి, పిల్లలు ఇద్దరున్నప్పుడు, ఆ అయిదోదాన్ని పెద్దవాళ్ళు చాకుతో కోసి తూకం వేయకుండా ఉంటే చాలు. దాని దగ్గర వాళ్ళు కొట్టుకుంటారు, అలుగుతారు, ఏదో ఒకనాడు "నువ్వు తిను" అంటారు. మా మనవరాలు తాటిముంజలకు పై పొర తీసి, లేతవి తమ్ముడి ఆకులో వేసి, "నాకు ముదురువే ఇష్టం" అని అబద్ధం చెప్పింది ఈ వేసవిలోనే. ముదురు ముంజె ఇష్టమైనవాళ్ళు భూమ్మీద ఉన్నారా? ఆ అబద్ధాన్ని కూడా నేను నమ్మినట్లే ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మాది తెనాలి దగ్గర ఒక పల్లె. 1965 ప్రాంతాల మాట. నాకు ఆరేళ్ళు, మా అక్కయ్యకు తొమ్మిది. ఇంటికి కరెంటు ఇంకా రాలేదు. రాత్రి పూట కడుపులో ఇబ్బంది అయితే పెరడు దాటి, గడ్డివాము పక్కగా, దొడ్డి చివరి తడిక చాటుకు పోవలసిందే. గడ్డివాము నాకు మహా భయం. దాని వెనుక ఎవరో కూర్చుని ఉన్నారని నా నమ్మకం. నాన్నగారిని లేపే ధైర్యం లేదు. అమ్మ పగలంతా పొలంలోనూ ఇంట్లోనూ చేసి ఒళ్ళెరగక పడుకునేది. అక్కయ్య పక్క మీద ఉన్న నేను ఊరికే మెసిలేవాణ్ణి. ఆమె ఏమీ అడగకుండా లేచేది. హరికెన్ లాంతరు వత్తి కొంచెం పెంచి నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. నేను తడిక లోపల, ఆమె బయట. ఆమె అక్కడే ఉందని నాకు తెలియాలి కదా! అందుకని గట్టిగా ఎక్కాలు చెప్పేది. అప్పుడామెకు బడిలో పదమూడో ఎక్కం నడుస్తోంది. పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవయ్యారు. ఏడుల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ తడబడేది. నేను లోపల కూర్చుని, తొంభై ఒకటి వచ్చిందంటే ఇక భయం లేదన్నట్లు ఎదురుచూసేవాణ్ణి. ఈనాటికీ నాకు పన్నెండో ఎక్కం తడుముకుంటే వస్తుంది, పదమూడోది తడుముకోకుండా వస్తుంది.

నాకు భయమని ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అది తమ్ముణ్ణి ఆటపట్టించడానికి ఎంత గొప్ప ఆయుధమో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్నవారికి తెలుసు. పగలు ఎన్ని తగవులు వచ్చినా ఆమె ఆ ఆయుధం పైకి తీయలేదు.

చెప్పింది నేనే. ఒకనాడు నాయనమ్మ ఒళ్ళో కూర్చుని ముద్దుగా చెప్పేశాను. నాయనమ్మ మురిసిపోయింది. వచ్చిన వాళ్ళందరితో "మా పెద్దపిల్ల చూడండి, అర్ధరాత్రి లేచి తమ్ముణ్ణి ఎట్లా కనిపెట్టుకుంటుందో, అక్క అంటే అదీ" అని చెప్పింది. ఆమెలో దోషం ఏమీ లేదు, మనవరాలి మంచితనం చూసి మురిసిన ముసలి ప్రాణం. కాని పదిరోజులు తిరిగేసరికి అది అక్కయ్యకు పని అయింది. "ఏమేవ్, పడుకోబోయే ముందు వాణ్ణి దొడ్లోకి తిప్పి తీసుకురా" అని ఆజ్ఞ అయింది. ఒకనాడు ఆమె లేవకపోతే తిట్లు పడ్డాయి. నాకూ అది హక్కయింది. మునుపు ఊరికే మెసిలేవాణ్ణి, ఇప్పుడు మోచేత్తో పొడిచి లేపడం మొదలుపెట్టాను.

ఆమె రావడం మానలేదు. కాని ఎక్కాలు ఆగిపోయాయి. లాంతరు పట్టుకుని మాటాపలుకూ లేకుండా నిలబడేది. లోపలి నుండి "అక్కయ్యా ఉన్నావా?" అని నేనే అరవవలసి వచ్చేది. "ఉన్నాలే" అనేది. ఆ "ఉన్నాలే" ఎక్కం కాదు.

తరువాతి కథ అనేక ఇళ్ళ కథే. 1969లో మా చెల్లెలు పుట్టింది. బిడ్డను చూసుకోవడానికి మనిషి కావాలి. "అది అలవాటైన పిల్ల, బాధ్యత తెలిసిన పిల్ల" అన్నారు. ఎనిమిదో తరగతితో మా అక్కయ్యను బడి మాన్పించారు. నేను పదో తరగతి, భాషాప్రవీణ, పండిత శిక్షణ చదివాను. ఒక లాంతరుకూ ఒక చదువుకూ ముడి పెట్టడం అతిశయోక్తి అని మీరనవచ్చు. పూర్తిగా కాదని మాత్రం నేను చెప్పగలను. ఆడపిల్ల మంచితనాన్ని నలుగురూ గమనించిన రోజున ఆమెకు బిరుదు వస్తుంది, బిరుదు వెనకాలే చాకిరీ వస్తుంది, ఆ చాకిరీకి సెలవు ఉండదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చంకన తమ్ముణ్ణో చెల్లెల్నో వేసుకుని తరగతికి వచ్చే ఆడపిల్లలు ఉండేవారు. వెనుక బల్ల మీద కూర్చోనిచ్చేవాణ్ణి. ఎంత ప్రేమో అని తోటివారితో చెప్పుకునేవాణ్ణి కూడా. ఆ పిల్లల హాజరు ఏ నెలలో ఆగిపోయిందో చూసుకోవడం నాకు అప్పట్లో తోచలేదు. మగపిల్లవాడు చంకన బిడ్డతో బడికి రావడం ముప్పై ఏడేళ్ళలో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఇంట్లో ఆడపిల్ల లేదు.

మా అక్కయ్య ఇప్పుడు బందరులో కొడుకు దగ్గర ఉంటోంది. ఏటా కార్తీక శుద్ధ విదియ నాడు భగినీ హస్తభోజనానికి నేను తప్పక వెళతాను. తోబుట్టువు చేతి వంట తింటే ఆయుష్షని పెద్దలు ఏర్పరచిన పండుగ. ఆమెకే వండడానికి ఓపిక తగ్గింది, కోడలు వండితే ఆమె వడ్డిస్తుంది. గత కార్తీకంలో విస్తరి ముందు కూర్చుని, ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకుంటున్నది అడిగేశాను. మనవల సంగతి చెప్పి, జంతిక ముక్క సంగతి చెప్పి, "అక్కయ్యా, చిన్నప్పుడు దొడ్లో నాకోసం ఎక్కాలు చెప్పేదానివి, గుర్తుందా? నేను భయపడకూడదని" అన్నాను.

ఆమె చేతిలో గరిటె ఆగింది. "నీకోసం ఏమిట్రా?" అంది. "నాకు భయం వేసి చెప్పేదాన్ని. ఆ గడ్డివాము పక్కన నిలబడేది నేను కదా, నువ్వు తడిక లోపల ఉండేవాడివి. నోరు మూసుకుంటే ప్రాణం పోయేట్లుండేది."

నాకేమీ తోచలేదు. అరవై ఏళ్ళుగా నేను చెప్పుకుంటున్న కథ ఇంకొకరిది అయిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల, నాకంటే మూడేళ్ళే పెద్ద. ఆమె కూడా భయపడుతూ లేచి వచ్చేదన్న ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు. కొంతసేపటికి అడిగాను. "మరి తరువాత చెప్పడం మానేశావేం?"

"నాయనమ్మ అందరికీ చెప్పిందిగా, పెద్దపిల్ల, ధైర్యం కలదీ అని. ఇంకా గొంతెత్తి ఎక్కాలు చెబితే భయపడుతున్నానని తెలిసిపోదూ? పళ్ళు బిగపట్టి నిలబడేదాన్ని."

ఇద్దరం కాసేపు ఊరుకున్నాము. లోపల నుండి కోడలు, "అత్తయ్యా, మామయ్యగారికి పెరుగు" అని గిన్నె అందించింది. అక్కయ్య నా అన్నంలో గుంట చేసి పెరుగు వేస్తూ, "పదమూడు ఏడులు ఎంతరా?" అంది.

"తొంభై ఒకటి" అన్నాను.

"నాకు ఆ ఒక్కటీ ఎప్పుడూ వచ్చేది కాదు" అని ఇంకొంచెం పెరుగు వేసింది.